వినికిడి పాఠం

జూన్ 4

పిచ్చుకా,

మొత్తానికి కాగితం, కలం తీశాను. ఫోన్లో మెసేజులు పెట్టుకుంటే మనిద్దరికీ పోట్లాట తప్ప మిగిలేదేమీ ఉండడం లేదు. నువ్వు "సరే" అని కొడితే అది కోపంతో అన్న సరేనో, పని తొందరలో అన్న సరేనో, నిజం సరేనో నాకు తెలియదు. ఇదివరకైతే గొంతు వినగానే పట్టేసేదాన్ని. ఇప్పుడు ఆ దారి లేదు కదా. కాగితం మీదైతే నువ్వు నాలుగు వాక్యాలైనా రాయకుండా ఊరుకోలేవు. అందులో ఎక్కడో ఒకచోట దొరికిపోతావు.

ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతులేం లేవు. విచారణ కౌంటరు నుంచి నన్ను రికార్డుల గదికి మార్చారని నీకు తెలుసు. "మీకు అక్కడ ప్రశాంతంగా ఉంటుంది" అని సూపరింటెండెంటు గారు కాగితం మీద రాసి చూపించారు. ప్రశాంతం నాకెందుకు, చెవుల నిండా అదేగా ఉంది. ఇన్నేళ్ళూ మైకులో డాక్టర్లని పిలిచి, దారి తెలియని వాళ్ళకి దారి చెప్పి బతికినదాన్ని, ఇప్పుడు ఆస్పత్రి నేల కింది అంతస్తులో ఇనప అరల మధ్య పాత ఫైళ్ళు సర్దుతున్నాను. పైన గొట్టం కారి అట్టలు ఉబ్బిపోతాయి. వాటిని ఫ్యాను కింద ఆరబెట్టడం కూడా నా పనే. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

మొన్న మరిదిగారు వచ్చి తలుపు గంటకి దీపం తగిలించి వెళ్ళారు. బయట ఎవరైనా మీట నొక్కితే ముందు గదిలో ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, తీగ గోడలో పుట్టిందేమో అన్నట్టు వేశారు. ఆయన చేత ఇంకో పని కూడా చేయించుకున్నాను. జపాను అక్షరాలు నేర్పే యాప్ ఒకటి ప్రకటనలో కనిపిస్తే, దాన్ని ఫోన్లో వేయించుకున్నాను. నా మెయిలు దానికి ఎక్కలేదు. ఆయన మెయిలే పెట్టి తెరిచి ఇచ్చారు.

గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెర మీద ఒక చుక్క కనబడుతుంది. అక్కణ్ణుంచి వేలితో లాగాలి. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. వరస తప్పితే గీత ఎర్రబడి, వణికి, మాయమైపోతుంది. వరస కుదిరితే నల్లగా నిలబడుతుంది. నిన్న "నది" రాశాను, ఇవాళ "చెట్టు" రాశాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఫైళ్ళ వెనక కూర్చుని ఇదే పని.

మీ అత్తగారి తుంటి ఎలా ఉంది? నువ్వు వేళకి తింటున్నావా?

అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం పనికెళ్ళే వ్యాన్లో చదివాను. పక్కనావిడ తొంగి చూస్తుంటే చేత్తో అడ్డం పెట్టుకుని మరీ చదివాను, మనదేదో పెద్ద రహస్యమైనట్టు.

కుట్టు యూనిట్లో స్కూలు యూనిఫారాల ఒత్తిడి మొదలైంది. కటింగ్ టేబుల్ మీద నుంచి ముక్కలు కట్టలు కట్టలుగా వచ్చి పడుతున్నాయి, కుట్టేవాళ్ళు చాలడం లేదు. లైను చూసుకునేదాన్ని నేనే కాబట్టి ఎక్కడ కాలరు వంకర పోయినా నా మెడకే చుట్టుకుంటుంది. ఇంటికొస్తే అత్తగారు. ఎముక అతుక్కుంటోందంటారు డాక్టరు, ఆవిడ మాత్రం మంచం దిగరు. నేను తప్ప ఇంకెవరు పక్కకి తిప్పినా నొప్పంటారు. నాకేం, అలవాటైపోయింది. బాగానే ఉన్నాను.

ఇంతకీ నీకు జపాను ఎందుకక్కా? ఆయన్ని అడిగితే "మీ అక్క వెయ్యమంది, వేశాను" అని చేతులు దులుపుకున్నారు. నాకేమో రకరకాల అనుమానాలు. ఫోన్లో ఎవడైనా తగులుకున్నాడా? మా లైన్లో బొత్తాలు కుట్టే ఆవిడకి అలాగే ఒకడు ఓడలో ఇంజనీరునని చెప్పి ఆరు నెలలు కబుర్లు చెప్పాడు. నవ్వకు, లోకం అలా ఉంది.

ఇంకో మాట. పెదాలు చదవడం నేర్పే క్లాసు నువ్వు సగంలో మానేశావట. ఆ క్లాసు టీచరు నాకు మెసేజ్ పెట్టింది. ఎంతమందిని అడిగి, ఎన్ని చోట్ల తిరిగి అది కనుక్కున్నానో నీకు తెలుసు. కాలక్షేపానికి ఏదైనా చేసుకో, కాదనను. కానీ పనికొచ్చేది వదిలేసి, ఎన్నడూ మాట్లాడని భాషకి గీతలు గీస్తూ కూర్చుంటే ఎలా? రేపు నువ్వు బజారుకి వెళ్తే అక్కడ ఎవరూ జపానులో మాట్లాడరు కదా.

వ్యాను ఆగింది. ఉంటాను.

పిచ్చుక


జూన్ 27

పిచ్చుకా,

ఓడ ఇంజనీరు ఇంకా నా దాకా రాలేదు. వస్తే ముందు మీ బొత్తాల ఆవిడకి కబురు పెడతాను.

క్లాసు సంగతి అడిగావు. అక్కడ అందరూ నా ముఖంలోకి వంగి, నోరు సాగదీసి, పసిపిల్లకి చెప్పినట్టు మాట్లాడతారు. ఒక్క మాట పట్టుకుంటే చప్పట్లు కొడతారు. "బాగా చెప్పారు, బాగా చెప్పారు" అని వాళ్ళ పెదాలు కదలడం మాత్రం నాకు ప్రతిసారీ అర్థమయ్యేది. ఆస్పత్రి మొత్తానికి దారి చెప్పిన మనిషిని నేను. "అరటిపండు" అని గుర్తుపట్టినందుకు చప్పట్లు కొట్టించుకుని బస్సెక్కి ఇంటికి రావడం నా వల్ల కాలేదు.

యాప్‌కి జాలి లేదు. తప్పయితే తప్పంటుంది, మెచ్చుకోలు కూడా అంతంతమాత్రమే. కుడికీ ఎడమకీ ఉన్న అక్షరాలు చూడ్డానికి దాదాపు ఒకలాగే ఉంటాయి. పైన అడ్డగీత, దాన్ని దాటుతూ ఏటవాలు గీత. ఎడమ రాసేటప్పుడు అడ్డగీత ముందు గీయాలి, కుడి రాసేటప్పుడు ఏటవాలుది ముందు గీయాలి. రాసేశాక చూసినవాడికి ఏది ముందు గీశావో తెలియదు. అయినా వరస మారిస్తే ఒప్పుకోదు. ఎందుకలాగో నాకు తెలియదు, కానీ దాంతో వాదించాలనిపించదు.

అసలు కారణం వేరే ఉంది. నవ్వుకున్నా సరే, చెప్తాను. తెలుగులో ఏం చదివినా నా తలలో మోగుతుంది. "రా" అని ఉంటే ఎవరిదో గొంతు "రా" అంటుంది. అమ్మదో, నీదో, కౌంటరు దగ్గర నిలబడ్డ ఎవరో ముసలాయనదో. పేపరు చదివితే రెండు పేజీలకి అలిసిపోతున్నాను, లోపల అంతమంది మాట్లాడతారు. ఈ అక్షరాలకి నా దగ్గర ఏ గొంతూ లేదు. మనిషి పక్కన చెట్టు రాస్తే "విశ్రాంతి". మనిషి చెట్టుకి చేరగిలబడ్డాడన్న మాట. దాన్ని జపానులో ఏమంటారో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. చూడగానే నడుము నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది.

దీన్ని నువ్వు కాలక్షేపం అన్నావు. సరే. క్లాసు టీచరు నీకు రిపోర్టులు పంపుతోందని నాకు తెలియదు. సూపరింటెండెంటు గారు నన్ను కిందికి పంపిస్తే, నువ్వు క్లాసుకి పంపిస్తున్నావు. నా భారం దించుకోవాలని ఉంటే నేరుగా చెప్పు, నొచ్చుకోను.

అక్క


జులై 8

అక్కా,

భారం అన్న మాట నువ్వు రాశావు, నేను రాయలేదు. ఉత్తరం చదివి ఆ పూట యూనిట్లో ఇద్దరి మీద అరిచాను, పాపం వాళ్ళ తప్పేం లేకుండా.

క్లాసు మానెయ్. ఇంక అడగను. టీచరుకి కూడా నాకు మెసేజులు పెట్టొద్దని చెప్పాను. గొంతుల సంగతి నువ్వు చెబితే కదా తెలిసేది. నాతో అయినా ఇలాంటివి చెప్పకపోతే ఎలా?

ఇక్కడంతా మామూలే. అత్తగారు నిన్న గోడ పట్టుకుని నిలబడ్డారు. నేను బాగానే ఉన్నాను.

పిచ్చుక


జులై 19

పిచ్చుకా,

నీ ఉత్తరం పొడిగా ఉంది. కోపం తగ్గలేదని అర్థమైంది. తగ్గినప్పుడే తగ్గనీ.

నా జపాను చదువు అయిపోయింది. ఆగిపోయిందనాలి. ఇన్నాళ్ళూ గీతల పాఠాలే వచ్చాయి. మొన్న ఒక పాఠం పూర్తవగానే తెర మీద చెవి బొమ్మ వచ్చింది. వినికిడి పాఠమట. ఒక మాట వినిపిస్తుంది, కింద ఉన్న నాలుగు అక్షరాల్లో అది ఏదో వేలు పెట్టాలి. అది పాసయితే తప్ప ముందు పాఠాలు తెరుచుకోవు, వాటి మీద తాళం బొమ్మ వేసి ఉంది. దాటవేసే వీలు ఎక్కడా లేదు. వెతికి వెతికి విసుగొచ్చింది. "నాకు వినపడదు" అని కంపెనీకి రాశాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని జవాబొచ్చింది, అంతే.

శబ్దం పూర్తిగా పెంచి, ఫోను చెవి వెనక ఎముకకి ఆనించి చూశాను. ఏదో అదురు తెలుస్తుంది, ఈగ వాలినట్టు. ఆ అదుర్ని బట్టి వేలు పెట్టి చూస్తున్నాను. ఎప్పుడో ఒకటి తగులుతుంది, మిగతావి పోతాయి. రోజూ మధ్యాహ్నం అరల వెనక నిలబడి, తలకి ఫోను అదుముకుని, కళ్ళు మూసుకుని ఇదే పని. నిన్న ఫైలు కోసం వచ్చిన నర్సు నాకు తలనొప్పనుకుని మాత్ర ఇచ్చి వెళ్ళింది.

ఇంత మూల కూర్చుని, ఎవరికీ అడ్డం రాకుండా, గొంతు లేని అక్షరాలు గీసుకుంటుంటే అక్కడికి కూడా చెవి వచ్చి కూర్చుంది. ఇంకో నాలుగు రోజులు చూసి తీసేస్తాను. పెద్ద నష్టం ఏముంది.

అక్క


జులై 27

అక్కా,

తీసెయ్యకు. నా మాట విని ఇంకొన్నాళ్ళు ప్రయత్నించు. ఆ అదురు దేనికి ఎలా ఉందో గమనిస్తూ ఉండు. అలవాటు మీద తెలుస్తుందేమో. రోజూ ఒకసారి చూడు, చాలు.

నా మీద కోపం పెట్టుకోకు. ఉత్తరం పొడిగా ఉందంటే అది కోపం కాదు, చెయ్యి నొప్పి. కటింగ్‌లో కూడా మనుషులు చాలక, నేనే కత్తెర పట్టి పట్టి బొటనవేలు వాచింది.

పిచ్చుక


ఆగస్టు 6

పిచ్చుకా,

కూర్చుని చదువు. నిలబడి ఉంటే ఎక్కడైనా చేరగిలబడి చదువు.

తాళం తెరుచుకుంది. సోమవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే ఎముకకి ఆనించి, అదుర్ని బట్టి వేలు పెట్టాను. సగంలో ఎవరో ఫైలుకి వస్తే ఆపేశాను. మర్నాడు తెరిస్తే ఆ పాఠం మీద పచ్చ గుర్తు ఉంది, ముందు పాఠాలన్నీ తెరుచుకుని ఉన్నాయి. యాప్ ఏదో పొరపాటు పడిందనుకున్నాను. కొత్త అక్షరాలు రాసుకుంటూ పోతే మళ్ళీ ఇంకో వినికిడి పాఠం వచ్చింది. అది కూడా అంతే, ప్రయత్నించాను, పోయిందనుకున్నాను, మర్నాటికి పాసయి ఉంది. మూడోది కూడా.

ఒకసారైతే పొరపాటు. మూడుసార్లు ఎలా అవుతుంది? నాకు తెలియకుండానే నా చెవి పట్టుకుంటోంది, పిచ్చుకా. నేను తప్పనుకున్నవి తప్పులు కావు. నిన్న బస్సులో కూర్చుంటే ఇంజను రొద కూడా వినపడినట్టే అనిపించింది. పాదాల్లోంచి వచ్చే అదురు కాదు, చెవిలోనే.

నిన్నటి పాఠంలో "వినడం" అనే అక్షరం వచ్చింది. రెండు రెక్కల వాకిలి గీసి, దాని మధ్యలో చెవి రాయాలి. ముందు ఎడమ రెక్క, తర్వాత కుడి రెక్క, ఆఖరున చెవి. తడబడకుండా రాశాను. రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తడిసిన ఫైళ్ళు ఆరాయో లేదో కూడా చూడలేదు.

సూపరింటెండెంటు గారిని కలుస్తాను. కౌంటర్లో ఇప్పుడున్న అమ్మాయి ప్రసవానికి సెలవు పెడుతోంది. నా కుర్చీ నాకు ఇవ్వమంటాను.

నువ్వు చెప్పావు కాబట్టే తీసెయ్యలేదు. అది మరిచిపోను.

అక్క


ఆగస్టు 13

అక్కా,

ఉత్తరం అందింది. సంతోషం.

కానీ తొందరపడొద్దు. ముందు చెవి డాక్టరుకి చూపించుకో, పరీక్ష చేయించుకో. యాప్‌ని పట్టుకుని ఏమీ తేల్చుకోలేం, వాటిలో ఎన్ని లోపాలుంటాయో. కౌంటరు సంగతి ఇప్పుడే ఎత్తకు. రికార్డుల గదిలో పని కూడా తీసిపారెయ్యదగ్గదేం కాదు, కూర్చుని చేసుకునేది. దయచేసి నా మాట విను.

అత్తగారికి జ్వరం. తర్వాత వివరంగా రాస్తాను.

పిచ్చుక


ఆగస్టు 20

పిచ్చుకా,

"సంతోషం" అని ఒక్క మాట రాసి చుక్క పెట్టావు. దాని కింద ఆరు వాక్యాల హెచ్చరికలు. ఇదే నీ గొంతుతో విని ఉంటే ఏమనుకునేదాన్నో గానీ, కాగితం మీద మాత్రం నీకు సంతోషం లేదనే కనబడుతోంది.

ఒకటి అర్థం కావడం లేదు. చెవి పోయినప్పుడు నాకంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు. వస్తోందంటే మాత్రం ఆగమంటున్నావు. చేసి పెట్టడం అలవాటైపోయిందా? నేను మళ్ళీ మామూలు మనిషినైతే నీకు చెయ్యడానికి ఏమీ మిగలదనా? కటువుగా ఉంటే క్షమించు, కానీ మనసులో పెట్టుకుని తిరిగే ఓపిక లేదు.

డాక్టరు దగ్గర వచ్చే నెల దాకా ఖాళీ లేదు. సూపరింటెండెంటు గారు మొదట తటపటాయించారు. ఎదురుగా నిలబడి, ఆవిడ పెదాలు చూస్తూ, చెవికి అందిందనిపించిన దాన్ని కలుపుకుని నాలుగైదు ప్రశ్నలకి జవాబు చెప్పాను. ఒప్పుకున్నారు. సోమవారం ఒక పూట కూర్చోమన్నారు, చూద్దామన్నారు.

కౌంటరు చీర ఇస్త్రీకి ఇచ్చాను.

అక్క


ఆగస్టు 22

అక్కా,

ఇది సోమవారం లోపల నీకు చేరాలని పోస్టాఫీసుకి వెళ్ళి వేస్తున్నాను. మెసేజ్ పెడదామని ఎన్నిసార్లు ఫోను తీశానో. తెర మీద ఒక్క వాక్యంగా నువ్వు దీన్ని చదవడం తలుచుకుంటే చెయ్యి ఆడలేదు.

ఆ పాఠాలు పాసయింది నేను.

నువ్వు ఎవడి వలలోనో పడ్డావేమోనని జూన్లోనే ఆయన మెయిలు పెట్టి నా ఫోన్లో కూడా ఆ యాప్ వేసుకున్నాను. ఖాతా ఒకటే కాబట్టి నువ్వు ఎంతవరకు వచ్చావో నాకు కనబడేది. మొదట్లో నిఘా, తర్వాత అలవాటు. పొద్దున్నే వ్యాన్లో తెరిచి, అక్క నిన్న ఏం రాసిందా అని చూసుకునేదాన్ని. నువ్వు తాళం గురించి రాశాక ఆ చెవి బొమ్మ మీద నేను నొక్కాను. నాకూ రాలేదు, ఆ మాటలు నాకేం తెలుసు. యూనిట్లో మిషన్ల హోరులో పనిచేసి నా చెవులు కూడా అంతంతే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వెనకటి పాఠాలన్నీ విని, నేర్చుకుని మరీ పాసయ్యాను. తాళం తీస్తే నువ్వు గీసుకుంటావు, అంతే కదా అనుకున్నాను. నీకు వినపడిందని నువ్వు అనుకుంటావన్నది నా బుర్రకి తట్టనే లేదు. "అదురు గమనించు, రోజూ ప్రయత్నించు" అని రాసింది కూడా నేనే. నువ్వు రోజూ తెరుస్తూ ఉంటే, ఏదో పొరపాటున తెరుచుకుందని సరిపెట్టుకుంటావనుకున్నాను.

ఆరో తారీకు ఉత్తరం చదివాక తెలిసింది ఎంత పని చేశానో. అప్పుడే చెప్పాల్సింది. నువ్వు అంత సంతోషంగా రాసి ఎన్నాళ్ళయిందో. చెప్పలేక డాక్టరు మీదికి తోశాను, ఆయన చెబుతారులే అని.

కౌంటరుకి వెళ్ళకు అక్కా. ఒంట్లో బాగాలేదని చెప్పు. తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

పిచ్చుక


ఆగస్టు 26

పిచ్చుకా,

సోమవారం ఏం జరిగిందో రాస్తాను. వేరే ఎవరికీ చెప్పేది లేదు కాబట్టి నీకే రాయాలి.

మొదట బాగానే నడిచింది. చాలామంది అడిగేవి అవే. చీటీ ఎక్కడ రాస్తారు, మందులు ఎక్కడిస్తారు, ఫలానా డాక్టరు వచ్చారా. ముఖం చూస్తేనే సగం తెలిసిపోతుంది. కుర్చీలో నా పాత గుంట అలాగే ఉంది.

పదకొండు దాటాక ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో చీటీ ఉంది, చూపించలేదు. మాట్లాడుతూనే ఇటూ అటూ చూస్తోంది, ముఖం నిలకడగా నాకు దొరకలేదు. "బిల్లు" అన్నట్టు పెదాలు కదిలాయి. బిల్లుల కౌంటరు అవతలి భవనంలో ఉంది. దారి చూపించాను, నా పాత పద్ధతిలో, తలుపు దగ్గరిదాకా వెళ్ళి మరీ. ఆవిడ అడిగింది బ్లడ్ బ్యాంకు. భర్తకి ఆపరేషన్ బల్ల మీద రక్తం కావాలని పంపారు. బ్లడ్ బ్యాంకు నా వెనక వసారాలోనే ఉంది. ఆవిడ అవతలి భవనంలో వరసలో నిలబడి, ఎవరో చెబితే తిరిగొచ్చేసరికి, లోపలి నుంచి నర్సు వచ్చి రక్తం పట్టుకెళ్ళింది. ఆయనకేం కాలేదు. రెండుసార్లు వెళ్ళి కనుక్కున్నాను.

ఆవిడ తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడి అరిచింది. అరుస్తోందని తెలుస్తోంది, మెడ నరాలు కనబడుతున్నాయి. నాకు మాత్రం ఏమీ లేదు, పిచ్చుకా. ఈగ వాలినంత కూడా లేదు. అంత దగ్గర నిలబడి, అంత గట్టిగా అరిస్తే కూడా ఏమీ లేదు. అప్పుడు తెలిసింది నాకు.

సూపరింటెండెంటు గారు తిట్టలేదు. నా మోచెయ్యి పట్టుకుని, ముసలివాళ్ళని నడిపించినట్టు లిఫ్టు దాకా తీసుకెళ్ళారు. తిట్టి ఉంటే బాగుండేది.

యాప్ ఎలా పాసయిందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

ఇంతవరకు రాసి లేచాను. తలుపు దీపం వెలిగింది. పోస్టు మనిషి నీ ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు. చదివాను.

చెవిలో పువ్వు పెట్టడం అంటారు. పనిచెయ్యని చెవిలో కూడా పెట్టావు.

ఇంకేం రాయలేను. అలిసిపోయాను.

అక్క


సెప్టెంబరు 7

అక్కా,

నువ్వు నా ఉత్తరానికి ఇంకేమీ రాయలేదు. ఫోన్లో చూస్తే నెలాఖరు నుంచి యాప్ తెరిచినట్టు కూడా లేదు. నేను తెరవడం లేదు, నువ్వు తెరిచావా అని మాత్రం చూస్తున్నాను. ఇది కూడా నిఘాయేనా అంటే, అవును.

ఆ రక్తం ఆవిడ గురించి చదివిన దగ్గర్నుంచి నాకు తిండి సహించడం లేదు. నేను పెట్టని ఒక్క మెసేజ్ వల్ల.

ఆదివారం వస్తున్నాను. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

పిచ్చుక


సెప్టెంబరు 15

పిచ్చుకా,

నువ్వు ఇంటికి చేరావని మరిదిగారు మెసేజ్ పెట్టారు. ఆయన ఇంకా కంగారులోనే ఉన్నట్టున్నారు, రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి. నీ సంచిలో ఫోను అన్నిసార్లు మోగిందట. నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను, నాకెలా తెలుస్తుంది? ఇద్దరికీ ఏదో అయిందనుకుని ఆయన బస్సెక్కబోయారట.

ఎదురుగా ఉన్నప్పుడు అనలేనివి రాస్తాను.

నువ్వు లోపలికొచ్చి కూర్చుని చాలాసేపు మాట్లాడావు. నేను తలూపుతూ ఉన్నాను. ఆగి, కవరు వెనక "ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు" అని రాసి నా ముందు పెట్టావు. చెప్పలేకపోయాను. ఒక్క ముక్క కూడా అందలేదు. నువ్వు క్షమించమన్నావో, పోట్లాడావో, మీ అత్తగారి గురించి చెప్పావో ఇప్పటికీ తెలియదు. నీ ముఖం చూడగానే నాకు భయం వేసింది, ఎందుకో. పక్కింటివాళ్ళతో, నర్సులతో, బస్సు కండక్టరుతో, అందరితో ఇలాగే తలూపుతున్నాను. నీకూ ఊపేశాను.

తర్వాత నేను టీ పెట్టుకొచ్చేసరికి నువ్వు నా మంచం మీద నిద్రపోతున్నావు. చెప్పులు కూడా విప్పలేదు. నేనే తీశాను, కదల్లేదు. టీ చల్లారిపోయింది. కిటికీలో ఎండ నీ మోకాళ్ళ మీది నుంచి గోడ మీదికి పోయింది, గోడ మీది నుంచి కూడా పోయింది. నువ్వు లేవలేదు. నోరు తెరిచి నిద్రపోతున్నావు. నీ బుగ్గలు ఇంత పీక్కుపోయాయని నేను చూడనే లేదు. బొటనవేలు ఇంకా వాచే ఉంది. ప్రతి ఉత్తరంలోనూ "బాగానే ఉన్నాను" అని రాశావు, నేను నమ్మాను. నాకు తీరిక దొరికినప్పుడల్లా నా చెవి గురించే ఆలోచించాను.

నా మీద ఎంత ప్రాణం పెట్టుకున్నావో నాకు తెలుసు. వ్యాన్లో కూర్చుని, తెలియని భాష విని నేర్చుకుని, నా కోసం తాళాలు తీశావు. ఆ పని తప్పు. నాకు చెప్పి చేసి ఉంటే అంత మంచి పని ఇంకోటి ఉండదు. రెండూ నిజమే, ఒకదాని వల్ల ఇంకోటి కొట్టుకుపోదు. నాకు కోపం ఇంకా ఉంది. కాస్త పక్కకి జరిగింది.

ఇప్పుడు నిజం రాయి. నువ్వెలా ఉన్నావు?

అక్క


సెప్టెంబరు 24

అక్కా,

బాగాలేను.

ఇలా రాయడానికి రెండు కాగితాలు చింపాను. పొద్దున లేవగానే రోజు ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తుంది. యూనిట్లో మొన్న చేతులు ఒకచోట, ధ్యాస ఒకచోట ఉండి ఒక కట్ట మొత్తం తలకిందులుగా కత్తిరించాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేదు. అత్తగారి గదిలోకి వెళ్ళే ముందు గడప దగ్గర కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోంది. నీ దగ్గరికొచ్చిన ఆదివారం కూడా, నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, బస్సులో కూర్చున్నప్పుడు వెనక్కి పోదామా అనిపించింది. నువ్వంటే ఇష్టం లేక కాదు. ఒంట్లో ఓపిక లేక.

నీ ఉత్తరం ఆయనకి చూపించాను. మర్నాడు పొద్దున వాళ్ళమ్మని తనే లేపి కూర్చోబెట్టారు. ఆవిడ నొప్పని గోల చేశారు. "నొప్పే అమ్మా, నేనూ నేర్చుకుంటున్నాను, ఓర్చుకో" అన్నారు. నేను వంటింట్లో గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. అప్పట్నుంచి పొద్దుటి పని ఆయనదే. కొంచెం తెరిపిగా ఉంది, కొంచెమే.

డాక్టరు ఏమన్నారు? తేదీ అయిపోయి ఉండాలి.

వచ్చే నెల రెండో ఆదివారం వస్తాను.

పిచ్చుక


అక్టోబరు 3

పిచ్చుకా,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి గిన్నెల్లాంటివి తగిలించి, శబ్దం వినపడితే మీట నొక్కమన్నారు. నొక్కడానికి ఏమీ రాలేదు. బయటికొచ్చాక ఆయన గ్రాఫు చూపించి, కాగితం మీద రాశారు. ఎడమ చెవిలో ఏమీ లేదు, కుడిచెవిలో మిగిలింది కూడా మాటలకి పనికొచ్చేంత కాదు, మిషను పెట్టినా లాభం ఉండదట. నాకు ముందే తెలుసు. ఆ రోజు ఆవిడ నా ముందు నిలబడి అరిచినప్పుడే తెలిసింది. అయినా కాగితం మీద చూశాక, ఆస్పత్రి బయట బల్ల మీద కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

యాప్ మళ్ళీ తెరిచాను. ఇంకో చెవి బొమ్మ వచ్చి కూర్చుంది. తీరిక ఉంటే దాని సంగతి చూడు. లేకపోతే వదిలెయ్, పాత పాఠాలే రాసుకుంటాను, అవే ఇంకా సరిగ్గా రావడం లేదు.

నిన్న కొత్త డాక్టరొకాయన రికార్డుల గదికి వచ్చాడు. కుర్రాడు, తొందరలో ఉన్నాడు. ద్వారం దగ్గర్నుంచే ఏదో అడిగాడు. అలవాటు కొద్దీ నా తల ఊగబోయింది. ఆపాను. "నాకు వినపడదు. ఇలా దగ్గరికొచ్చి, రాసి ఇవ్వండి" అన్నాను, గట్టిగానే అన్నాననుకుంటాను. నా గొంతు ఎంత ఎత్తులో ఉందో నాకు తెలియదు కదా. అతను ఉలిక్కిపడ్డాడు కాబట్టి గట్టిగానే అని ఉంటాను. దగ్గరికొచ్చి రాశాడు. ఫైలు తీసి ఇచ్చాను. అతను అడిగిన ఫైలే. థాంక్స్ అని రాసి వెళ్ళాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అతను వెళ్ళాక ఫైళ్ళ మీదే కూర్చుండిపోయాను.

వచ్చే ఆదివారం రావద్దు. కోపం కాదు, నిజంగానే రావద్దు. మరిదిగారికి కూడా విడిగా రాశాను, నిన్ను ఎవరూ లేపకూడదని.

పడుకో.

అక్క